సాగర్ ఈదినోడికి సముద్రం ఒక లెక్కనా?

నాగార్జునసాగర్ దగ్గరి ఒక ఊరి నుంచి ఒక పాఠకురాలు నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పేరు, ఊరు వేయొద్దన్నారు. సంగతి ఇది.

ఆమెకు 29 ఏళ్ళు. ఇద్దరు పిల్లలు, పెద్దమ్మాయి గురుకులంలో ఐదో తరగతి. అత్తింటివాళ్ళది చేపల వేట. డ్యామ్ నిండిన కొత్తలో మామగారి తండ్రి కోస్తా నుంచి వచ్చి సాగర్ ఒడ్డున స్థిరపడ్డారు. భర్త పుట్టిందీ, వల పట్టిందీ ఇక్కడే. రెండేళ్ళుగా వేట సరిగా లేదు. సావుకారి దగ్గర తీసుకున్న అడ్వాన్సు తీరలేదు కాబట్టి పడిన నాలుగు చేపలూ అతను చెప్పిన రేటుకే పోతున్నాయి. ఇలా ఉండగా చీరాల దగ్గర వాడరేవులో ఉండే ఆడబిడ్డ భర్త ఫోన్ చేశాడు. ఒక సెకండ్ హ్యాండ్ ఫైబర్ బోటు, దాని అవుట్‌బోర్డ్ ఇంజన్ బేరానికి ఉన్నాయట. సగం వాటా పెడితే బావా బావమరుదులు కలిసి సముద్రం మీదికి పోవచ్చన్నాడు. వాటా మూడు లక్షలు. ఆ డబ్బు రావాలంటే ఈమె పుట్టింటివాళ్ళు పెట్టిన గొలుసు, గాజులు బీరువా దాటాలి. సముద్రంలో ఏటా ఉండే వేట నిషేధం అయిపోగానే, అంటే జూన్ 15న, మొదటి రోజే బోటు దింపాలని ఇద్దరూ అనుకున్నారు.

పోయిన చలికాలం భర్త వాడరేవు వెళ్ళి బావతో కొన్నిసార్లు వేటకు పోయొచ్చాడు. ఒకసారి ఇంజన్ ఆగిపోయింది. రాత్రంతా నీళ్ళమీదే ఉన్నారు. తెల్లారాక వేరే బోటువాళ్ళు చూసి తాడు కట్టి లాక్కొచ్చారు. ఈ సంగతి ఇంటికొచ్చి అన్నం తింటూ నవ్వుతూ చెప్పాడు. లైఫ్ జాకెట్లు లేవా అని ఈమె అడిగితే, "సాగర్ ఈదినోడికి సముద్రం ఒక లెక్కనా?" అన్నాడు. "బయటికి పొయ్యేటోని ముంగట గవేం మాటలు" అని అత్తగారు కసిరారు. "ఆపాలా? బంగారం ఇయ్యాలా? లేక నేనే పిరికిదాన్నా?" అని ఆమె ప్రశ్న.

అమ్మా,

మీ భయం గురించి రెండు పేజీలు రాశారు. ఇంజన్ ఆగిన రాత్రి గురించి నాలుగు వరుసలే రాశారు. నేను ఎక్కువసేపు ఆగింది ఆ నాలుగు వరుసల దగ్గరే. మీరు పిరికివాళ్ళు కారు. అంత సంగతి విని జాకెట్లు ఉన్నాయా అని అడిగిన మనిషి ఆ ఇంట్లో మీరొక్కరే.

అయితే మీ ఉత్తరంలో మూడు విషయాలు కలిసిపోయాయి. నీళ్ళ ప్రమాదం ఒకటి, బంగారం ఒకటి, ఆడబిడ్డ ఇంటివాళ్ళు మీ ఆయన్ని లాగేసుకుంటున్నారన్న బాధ ఒకటి. మూడూ ఒకేసారి ఎత్తితే మీ ఆయనకు మూడోదే వినిపిస్తుంది. "మా అక్కవాళ్ళంటే నీకు గిట్టదు" అని తేల్చేస్తాడు, జాకెట్ మాట అక్కడే పోతుంది. అందుకని వీటిని విడదీద్దాం. ముందు నీళ్ళ సంగతి.

మీ ఆయన పనితనాన్ని తక్కువ చేయకండి. సాగర్ చిన్న నీళ్ళేం కాదు. నల్లమల కొండల మధ్య నుంచి ఒక్కసారిగా విరుచుకుపడే గాలి, నీళ్ళు తగ్గినప్పుడు పైకి తేలే మోళ్ళు, బండలు, గేట్లు ఎత్తినప్పటి లాగుడు, ఇవన్నీ చూసుకుంటూ ఇన్నేళ్ళు వేట చేసిన మనిషికి నీళ్ళు తెలియవని ఎవరూ అనలేరు. కానీ ఆయన నేర్చుకున్నదంతా ఒక నమ్మకం మీద నిలబడింది: ఏ వైపు కొట్టుకుపోయినా ఏదో ఒక గట్టు తగులుతుంది. ఇంజన్ ఆగితే గాలి తోసినవైపు పోయి ఏ గుట్ట పక్కనో ఆగుతాడు, ఫోన్ చేస్తాడు, ఎవరో ఒకరు వస్తారు.

సముద్రంలో ఆ నమ్మకం పనిచేయదు. కోస్తాలో వేసవి చివర, వానలు మొదలయ్యే రోజుల్లో పడమటి గాలి ఉంటుంది. అంటే నేల మీది నుంచి నీళ్ళవైపు. బోటు దింపుతామంటున్న జూన్ నెలలో ఇంజన్ ఆగితే ఆ గాలి బోటును ఒడ్డుకు తేదు, ఇంకా లోపలికి తోస్తుంది. మధ్యాహ్నం సముద్రపు గాలి తిరిగితే కొంత మేలు కావచ్చు, కానీ దాన్ని నమ్ముకుని కూర్చోలేం. పైగా చిన్న బోటులో కూర్చున్న మనిషికి నీటి అంచు నాలుగు కిలోమీటర్లకు మించి కనపడదు. ఒడ్డున సరుగుడు చెట్లు, లైట్‌హౌస్ లాంటి ఎత్తయినవి ఇంకొంత దూరం కనిపిస్తాయి, అవీ దాటాక చుట్టూ ఒకే గీత. ఏ వైపు ఇల్లో దిక్సూచి చెప్పాలి, లేకపోతే జీపీఎస్ చెప్పాలి. ఫోన్‌లో మ్యాప్ ఉంది కదా అంటారు. ఛార్జింగ్ ఉన్నంతసేపు, ఉప్పునీళ్ళు తగలనంతసేపు ఉంటుంది.

ఇక ఈత. మీ ఆయన మాటకు జవాబు ఇక్కడే ఉంది, కాబట్టి కొంచెం వివరంగా చెప్తాను. బోటు తిరగబడితే బాగా ఈత వచ్చినవాడు చేసే మొదటి పని ఒడ్డు వైపు ఈదడం. సాగర్‌లో అది సరైన పనే కావచ్చు. సముద్రంలో మాత్రం ప్రాణం తీసేది ఎక్కువగా అదే. ఒడ్డు కనిపిస్తున్నంత దగ్గరగా ఉండదు, అలలు ఎదురవుతాయి, చేతులు పడిపోతాయి. ఫైబర్ బోటు బోర్లా పడినా సాధారణంగా వెంటనే మునిగిపోదు, లోపలి గాలి గదులో ఫోమో దాన్ని తేలుస్తుంది. వెతికేవాళ్ళకు కూడా ముందు బోటే కనిపిస్తుంది. అలల మధ్య ఒక్క తలకాయ వంద గజాల దూరంలో ఉన్నా దొరకదు. అందుకే ఎంత గజ ఈతగాడైనా బోటును వదలకూడదు. దాన్ని పట్టుకుని గంటలకొద్దీ వేలాడాలంటే ఒంటి మీద జాకెట్ ఉండాలి. దెబ్బ తగిలి స్పృహ తప్పినవాడికి, కాలికి వల చుట్టుకున్నవాడికి ఈత వచ్చినా ఒకటే, రాకపోయినా ఒకటే.

నది మీద కూడా ఇదే చూశాం. 2019 సెప్టెంబరు 15న గోదావరిలో కచ్చులూరు దగ్గర టూరిస్టు బోటు మునిగినప్పుడు, జాకెట్లతో తేలుతూ ఉన్నవాళ్ళను దగ్గరి పల్లెలవాళ్ళు నాటుపడవల్లో వెళ్ళి పైకి లాగారు. వాళ్ళు అందుకునేదాకా తేలి ఉండటమే అక్కడ ప్రాణం నిలబెట్టింది.

జాకెట్ అంటే బోటు అడుగున వలల కింద పడి ఉండేది కాదు, ఎక్కే ముందే తొడుక్కుని బకిల్ పెట్టుకునేది. పార్కుల్లో పిల్లలకు కట్టే పలచటి రకం వద్దు. విజిల్, మెరిసే పట్టీలు ఉన్నది, మనిషి బరువుకు తగ్గది తీసుకోవాలి. వల లాగేటప్పుడు అడ్డమొస్తుంది అంటాడు. నిజమే, లావుపాటి రకం అడ్డమొస్తుంది. చేతుల దగ్గర వెడల్పుగా కోసిన పని జాకెట్లు ఉంటాయి, అవి వెతకమనండి. మొలకు ఒక కత్తి కూడా ఉండాలి, వల చుట్టుకుంటే కోసుకోవడానికి.

ఇక బోటు దింపడం, ఎక్కించడం. సాగర్‌లో పడవ దింపడం అంటే తోసి ఎక్కడమే. వాడరేవు లాంటి తెరిచిన ఇసుక ఒడ్డు మీద ఎక్కువ బోట్లు దెబ్బతినేది ఒడ్డుకు దగ్గర్లోనే, అలలు విరిగే చోట. కెరటాలు ఒకే తీరులో రావు. కొన్ని పెద్దవి వరసగా వచ్చి, తర్వాత కాస్త సద్దుమణుగుతుంది. ఆ వరస చూసి, ముక్కు నేరుగా అలకు పెట్టి, సందేహించకుండా దాటాలి. పక్కకు తిరిగిందా, తర్వాతి అల బోర్లా వేస్తుంది. తిరిగొచ్చేటప్పుడు ఇంకా కష్టం, ఎందుకంటే అల వెనకనుంచి వస్తుంది, బోటు నిండా చేపలు, తడి వలలు ఉంటాయి, మనుషులు అలసిపోయి ఇల్లు చేరాలన్న తొందరలో ఉంటారు. బోటు అల వీపు మీద ఉండాలే గానీ దాన్ని దాటి ముందుకు పోకూడదు. ఇది చదివితే వచ్చే విద్య కాదు. అక్కడే పుట్టి పెరిగిన సరంగు (బోటు నడిపే మనిషి) పక్కన నిలబడి చూడాలి. వాడరేవు బావకు ఇది వచ్చి ఉంటుంది, మీ ఆయనకు ఇంకా రాదు. రెండోసారి ఇంజన్ ఆగినప్పుడో, ఆ బావకు జ్వరం వచ్చినప్పుడో బోటు మీ ఆయన చేతిలో ఉంటుంది, అదీ అసలు ప్రశ్న.

ఆ రాత్రి సంగతికి మళ్ళీ వస్తున్నాను. ఇంజన్ ఎందుకు ఆగింది? పెట్రోలు అయిపోయిందా, పెట్రోల్లో నీళ్ళు కలిశాయా, ప్లగ్గు పోయిందా, వల ముక్క పంఖాకు చుట్టుకుందా? ఈ ప్రశ్న నవ్వుతూ చెప్పినప్పుడే అడగాల్సింది, ఇప్పుడైనా అడగొచ్చు. "ఏమో, ఆగింది" అనేదే జవాబైతే అది మళ్ళీ ఆగుతుంది. పెట్రోలు లెక్క తేలిక: మూడో వంతు పోవడానికి, మూడో వంతు రావడానికి, మూడో వంతు ముట్టుకోకుండా. స్పేర్ ప్లగ్గులు, వాటి పానా, ఒక స్టార్టర్ తాడు డబ్బాలో మూతపెట్టి ఉంచుకోవాలి. తెడ్లు తప్పనిసరి. లంగరుకు నీటి లోతుకు కనీసం ఐదింతలు తాడుండాలి; సాగర్‌లో చెట్టు మోడుకు కట్టే అలవాటున్నవాళ్ళు ఇక్కడే పొరపాటు పడతారు. లంగరు అందనంత లోతులో ఉంటే, ఒక గంపనో తడి వల మూటనో తాడుకు కట్టి ముక్కువైపు నుంచి నీళ్ళలో వదిలితే బోటు అలకు ఎదురుగా నిలుస్తుంది, కొట్టుకుపోవడమూ తగ్గుతుంది. డబ్బు కుదిరితే చిన్న రెండో ఇంజన్ మంచిది. కుదరకపోతే రెండు బోట్లు జతగా వెళ్ళడం, ఒకరి కంటికి ఒకరు కనపడేంత దూరంలో ఉండటం. దీనికి ఖర్చు లేదు, మాట మాట కలిస్తే చాలు.

వాతావరణం చూడటానికి ఇప్పుడు సాకులు లేవు. చేపలు ఎక్కడ దొరకొచ్చో, అలలు ఎంత ఎత్తు ఉంటాయో చెప్పే కేంద్ర ప్రభుత్వ సంస్థ ఇన్‌కాయిస్ మన హైదరాబాద్ ప్రగతినగర్‌లోనే ఉంది. సముద్రం లేని ఊళ్ళో కూర్చుని దేశం మొత్తం తీరానికి అలల కబురు చెబుతారు. ఆ సమాచారం ఫోన్‌లోనే చూసుకోవచ్చు. వాతావరణ శాఖ వేటకు వెళ్ళొద్దని హెచ్చరించేది మామూలుగా గాలి గంటకు 40, 45 కిలోమీటర్లు దాటుతుందనుకున్నప్పుడు. చిన్న బోటుకు అంతకన్నా చాలా ముందే కష్టాలు మొదలవుతాయి. ఎంత గాలి, ఎంత అల ఉంటే వెళ్ళకూడదో బావా బావమరుదులు ముందే ఇంట్లో కూర్చుని అనుకోవాలి. తెల్లవారుజామున రేవులో నిలబడి, పక్కవాళ్ళు బోట్లు దింపుతుంటే చూస్తూ తేల్చుకునే విషయం కాదది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తుఫాన్ల కాలం, అప్పుడు ఈ నియమం ఇంకా గట్టిగా ఉండాలి. 1977 నవంబరు 19 నాటి దివిసీమ ఉప్పెన మీ అత్తగారి వయసువాళ్ళకు కథ కాదు, చిన్నప్పుడు చూసినదో విన్నదో అయి ఉంటుంది.

సాయం పిలవాల్సి వస్తే: కోస్ట్‌గార్డ్ నంబరు 1554, మెరైన్ పోలీసులది 1093. ఒడ్డు దూరమయ్యాక ఫోన్ సిగ్నల్ నమ్మలేం కాబట్టి వీహెచ్‌ఎఫ్ రేడియో సెట్టు ఉంటే మంచిది, ఆపదలో 16వ ఛానల్. ఇస్రో తయారుచేసిన ఆపద సంకేతాల పరికరం ఒకటి ఉంది, బటన్ నొక్కితే ఉపగ్రహం ద్వారా కోస్ట్‌గార్డ్‌కు చేరుతుంది. దాని రెండో రకంలో మీ కబురు అందిందని తిరిగి బోటుకే తెలుస్తుంది. ఇవి ఎలా దొరుకుతాయో బాపట్ల జిల్లా మత్స్యశాఖ ఆఫీసులో అడగమనండి. టార్చి, విజిల్, తాగే నీళ్ళు అనుకున్న దానికి రెండింతలు. ఇవి చెప్పక్కర్లేదు గానీ చెబుతున్నాను, మొదట మర్చిపోయేవి ఇవే.

అన్నిటికన్నా ముఖ్యమైనది ఖర్చులేనిది. ఆ రాత్రి వాళ్ళు రాలేదని ఒడ్డున ఎవరికి తెలుసు? ఎన్నింటికి రావాల్సి ఉందో ఎవరికి చెప్పారు? ఎవరు ఎవరికి ఫోన్ చేశారు? మీ ఉత్తరంలో దీని ఊసే లేదు, బహుశా మీకూ ఎవరూ చెప్పి ఉండరు. బోటు నంబరు, రంగు, ఎవరెవరు ఎక్కారు, ఏ వైపు పోతున్నారు, ఎన్నింటికి తిరిగొస్తారు, ఆ టైం దాటి ఇన్ని గంటలైతే ఎవరికి ఫోన్ చేయాలి, ఇవి ఒక కాగితం మీద రాసి గోడకు అంటించి ఉండాలి. ఆ టైం అయ్యాక ఫోన్ చేయడానికి ఎవరి అనుమతీ అడగక్కర్లేదు, తర్వాత బోటు వచ్చేసినా సిగ్గుపడక్కర్లేదు. వెతికేవాళ్ళకు చీకటి పడకముందు అందిన కబురుకూ, మర్నాడు పొద్దున అందిన కబురుకూ మధ్య బోటు గాలికి ఎంత దూరం పోయి ఉంటుందో ఆలోచించండి.

మీరు సాగర్‌లో ఉండి ఆ పని చేయలేరు. చేయగలిగింది వాడరేవులో ఉన్న మీ వదిన. మీరు ఆమెను అవతలి పక్షం మనిషిలా రాశారు. నాకు అలా అనిపించలేదు. ఆ రాత్రి మీకు ఏమీ తెలియదు, మీరు నిద్రపోయారు. ఆమెకు తెలుసు. మొగుడూ తమ్ముడూ ఒకే బోటులో ఉండగా తెల్లవార్లూ మేలుకుంది ఆమే. ఆ రాత్రి ఎలా గడిచిందో, ఎవరినైనా పిలిచిందో, పిలవడానికి భయపడిందో ఒకసారి అడగండి. నీ తమ్ముడు నాతో చెప్పలేదు వదినా, నువ్వు చెప్పు అనండి. మీరిద్దరూ ఒక మాట మీదికి వస్తే, మగవాళ్ళిద్దరూ జాకెట్ వేసుకోకుండా బోటు ఎక్కడం కష్టమవుతుంది.

అత్తగారి విషయానికొస్తే, ఆమె కసురుకు కారణం మూర్ఖత్వం అనుకోకండి. వేట ఇళ్ళల్లో చెడు మాట నోట రాకూడదన్నది పాత కట్టుబాటు. ఆమె కూడా ఒడ్డున కూర్చుని ఎదురుచూసిన మనిషే అయి ఉంటుంది. ఆమె ముందు "ఏమన్నా అయితే" అని మొదలుపెట్టకండి, అక్కడే చెవులు మూసుకుంటుంది. "అత్తా, ఆయన ఎన్నింటికొస్తడో మనకు తెలియాలె గదా" అనండి. గంగమ్మకు కొబ్బరికాయ కొట్టి పంపే తల్లి, జాకెట్ తొడిగి పంపడానికి ఎందుకు కాదంటుంది? కొడుక్కు ఆమె చేతులతోనే ఇప్పించగలిగితే మీ పని సగం అయినట్టే. మీరు చెబితే భార్య పోరు, ఆమె ఇస్తే అమ్మ దీవెన. ఇలాంటి చిన్న రాజకీయం ఇంట్లో తప్పు కాదు.

ఇప్పుడు దారుల సంగతి. మొదటిది, గట్టిగా కూర్చుని ఆపడం. ఆపగలరనుకుందాం. సావుకారి అడ్వాన్సు అలాగే ఉంటుంది, వేట అలాగే ఉంటుంది, ప్రతి చెడ్డ రోజూ "నువ్వు ఆపావు కాబట్టి" అన్న మాట మీ మీద పడుతుంది. అంతకన్నా చెడ్డది, ఒకరోజు చెప్పకుండా వెళ్ళి ఎవరి బోటులోనో కూలికి ఎక్కొచ్చు. అక్కడ జాకెట్ గురించి, పెట్రోలు గురించి మాట్లాడే హక్కు ఆయనకూ ఉండదు, మీకూ ఉండదు. ఆపాలనుకుంటే బదులుగా ఇక్కడ ఏం చేయాలో కూడా మీ దగ్గర ఉండాలి. అప్పును సావుకారి నుంచి సంఘానికో బ్యాంకుకో మార్చగలిగితే చేప రేటు మీ చేతికొస్తుంది, దానికే చాలా తేడా కనిపిస్తుంది. రిజర్వాయర్లలో వల పంజరాలు కట్టి చేపలు పెంచే కేజ్ కల్చర్‌కు ప్రధానమంత్రి మత్స్య సంపద యోజనలో సాయం ఉంది. మహిళల పేరు మీద అయితే యూనిట్ ఖర్చులో 60 శాతం దాకా, సాధారణ వర్గానికి 40 శాతం. నిధులు ఇప్పుడు ఉన్నాయా, సాగర్‌లో అనుమతి ఇస్తున్నారా అన్నది నల్గొండ మత్స్యశాఖ ఆఫీసుకు వెళ్ళి నేరుగా అడగాలి. ఆశ పెట్టుకుని వెళ్ళండి, నమ్మకం పెట్టుకుని కాదు.

రెండోది, బంగారం కదలకుండా ఆయన్ని ఒక సీజన్ నేర్చుకోవడానికి పంపడం. వాటాదారుగా కాదు, అనుభవం ఉన్న సరంగు బోటులో మనిషిగా. రాబడి తక్కువ, ఇంటికి దూరం, అభిమానం దెబ్బతింటుంది, "నేను కూలికి పోవాలా" అంటాడు. కానీ జనవరి నుంచి మార్చి దాకా సముద్రం కాస్త నెమ్మదిగా ఉండే నెలల్లో అలలు దాటడం నేర్చుకున్నవాడికీ, జూన్ 15న మొదటి రోజే సొంత బోటుతో దిగినవాడికీ చాలా తేడా ఉంటుంది. నిషేధం ఎత్తేశాక చేప బాగా పడుతుందన్నది నిజమే, బావ తొందరకు అదే కారణం. అదే రోజుల్లో గాలీ ఉంటుందన్నది కూడా నిజమే. నా మొగ్గు ఈ దారికే, దాచుకోను. సముద్రంలో వేటకు మత్స్యకారుల గుర్తింపు కార్డు చూస్తారు, ఇక్కడి మనిషి అక్కడ బోటు ఎక్కడానికి ఏం కావాలో ముందే కనుక్కోవాలి. ఇక్కడి మత్స్యకారుల సొసైటీ సభ్యత్వం మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ వదులుకోవద్దు.

మూడోది, వాటా పెట్టడం. పెడితే షరతులతో పెట్టండి. ఇక్కడే బంగారం మాట వస్తుంది. పుట్టింటివాళ్ళు మీకు పెట్టిన నగలు మీవి, చట్టం ప్రకారం కూడా మీవే. ఇవ్వడమూ ఇవ్వకపోవడమూ మీ చేతిలో ఉంది. ఇది బెదిరించడానికి కాదు, మాట వినిపించుకోవడానికి వాడండి. బోటు రిజిస్ట్రేషన్, కొనుగోలు కాగితంలో సగం వాటా రాతపూర్వకంగా ఉండాలి, చుట్టరికంలో కాగితమేంటని ఎవరైనా నొచ్చుకుంటే నొచ్చుకోనివ్వండి. అమ్మేకన్నా బ్యాంకులో కుదువ పెట్టడం మేలు, వడ్డీ కట్టలేకపోతే వేలమవుతుందని గుర్తుంచుకుని. ఇంజన్‌ను రేవులో కాకుండా మంచి మెకానిక్‌తో విప్పించి చూపించాకే బేరం. ఇంకొకటి: మూడు లక్షల్లో జాకెట్లు, తాళ్ళు, లంగరు, సెట్టు కలిసి ఉండాలి. "అవి తర్వాత కొందాం" అంటే అవి ఎప్పటికీ కొనరు.

ఏ దారైనా ఇన్సూరెన్సు చేయించండి. బ్యాంకు ఖాతాలో ఏడాదికి 20 రూపాయలు కట్ చేసే ప్రధానమంత్రి సురక్షా బీమా ఉంది, ప్రమాదంలో పోతే రెండు లక్షలు. మత్స్యకారుల సామూహిక ప్రమాద బీమాలో అయిదు లక్షలు. పేరు నమోదై ఉందా, నామినీగా మీ పేరు ఉందా చూసుకోండి. చెప్పడానికి కష్టమైన మాట ఒకటి ఉంది, అయినా చెబుతున్నాను. సముద్రంలో పోయిన మనిషి శరీరం దొరక్కపోతే, ఏడేళ్ళు కబురు లేకుండా ఉంటేనే మరణించినట్టు భావించడం మన చట్టం పద్ధతి. ప్రభుత్వాలు ఒక్కోసారి ముందే సాయం ప్రకటించినా, బీమా డబ్బు, ఆస్తి మార్పిడి లాంటివి ఆగిపోతాయి. ఎప్పుడు బయల్దేరారు, ఎక్కడికి పోయారు, ఎవరికి ఎప్పుడు ఫిర్యాదు చేశారు అన్న రాతలు ఉంటే ఆ కుటుంబానికి కొంతైనా ఆధారం. గోడ మీది కాగితం అందుకు కూడా.

ఆయనతో మాట్లాడేటప్పుడు "వద్దు" అనకండి, ప్రశ్నలు అడగండి. ఇంజన్ ఆగితే ఏం చేస్తావు? గాలి ఏ వైపు ఉంటుంది? బోటు తిరగబడితే ఈదుతావా, పట్టుకుంటావా? జవాబులు ఉంటే మీకే కొంత ధైర్యం వస్తుంది. లేకపోతే ఆయనకే తెలుస్తుంది, మీరు చెప్పక్కర్లేదు. మగవాళ్ళకు నేర్పిస్తున్నట్టు ఉండకూడదు, తెలుసుకుంటున్నట్టు ఉండాలి. అన్నం దగ్గర వద్దు, పిల్లల ముందు అసలే వద్దు.

ఇన్ని చెప్పాక కూడా జాకెట్ నామర్దా, కాగితం అపశకునం అనే అంటే, అప్పుడు బంగారం ఇవ్వకండి. గొడవ అవుతుంది, కొన్నాళ్ళు మాటలుండవు. అలా ఉన్నా ఫర్వాలేదు. ఆయన అయినా వెళ్తే అది ఆయన నిర్ణయం, మీ గాజులు అందులో ఉండవు, పిల్లల ఫీజులకు అవి మిగులుతాయి.

నిషేధం జూన్ 14 దాకా ఉంది కాబట్టి టైం ఉంది. వదినకు మాత్రం ఈ వారమే ఫోన్ చేయండి, పొద్దున పూట. వేట లేని రోజుల్లో మగవాళ్ళు రేవులో వలలు బాగుచేసుకుంటూ ఉంటారు, ఆమె ఇంట్లో ఒక్కతే ఉంటుంది.